హార్న్స్‌డేల్ పవర్ రిజర్వ్

హార్న్స్‌డేల్ పవర్ రిజర్వ్ ఆస్ట్రేలియా దేశంలోని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో జేమ్స్‌టౌన్ అనే చిన్న పట్టణానికి ఉత్తరాన, పొలాలు, గొర్రెల మేత భూముల మధ్య ఉన్న విద్యుత్ నిల్వ కేంద్రం. హార్న్స్‌డేల్ పవన విద్యుత్ కేంద్రానికి ఆనుకొని ఉన్న ఈ కేంద్రాన్ని ఫ్రాన్స్ దేశానికి చెందిన నియోఎన్ సంస్థ నెలకొల్పగా, బ్యాటరీలను అమెరికాకు చెందిన టెస్లా సంస్థ సరఫరా చేసింది. 2017 డిసెంబరు 1న ఇది పని ప్రారంభించింది. ఆనాటికి ప్రపంచంలోని లిథియం-అయాన్ బ్యాటరీ కేంద్రాలలో ఇదే అతి పెద్దది. ఆ స్థానం 2020 వరకు దీనికే ఉన్నది.

ఇంత పెద్ద బ్యాటరీ అనగానే గాలి లేని రాత్రి రాష్ట్రమంతటికీ దీపాలు వెలిగించే సాధనం అని చాలామంది భావిస్తారు. వాస్తవానికి దీని ప్రయోజనం వేరు. ఎక్కడో ఒక పెద్ద విద్యుత్ కేంద్రం హఠాత్తుగా ఆగిపోయినపుడు, ఆ తరువాతి కొద్ది సెకన్లలో విద్యుత్ వ్యవస్థ కుప్పకూలకుండా పట్టి నిలపడమే దీని ముఖ్యమైన పని. ఈ కేంద్రం చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ తేడా తెలియడం అవసరం.

వివరాలు

* ప్రదేశం: జేమ్స్‌టౌన్ సమీపం, దక్షిణ ఆస్ట్రేలియా
* మొదటి దశ సామర్థ్యం: 100 మెగావాట్లు, 129 మెగావాట్-గంటలు (2017)
* విస్తరణ తరువాత: 150 మెగావాట్లు, 193.5 మెగావాట్-గంటలు (2020)
* బ్యాటరీ రకం: లిథియం-అయాన్
* మొదటి దశ వ్యయం: సుమారు 9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు

జేమ్స్‌టౌన్, పరిసరాలు

జేమ్స్‌టౌన్ రాష్ట్ర రాజధాని అడిలైడ్ నగరానికి ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో బెలాలీ అనే వాగు ఒడ్డున ఉన్నది. 1871లో ఏర్పడిన ఈ పట్టణానికి అప్పటి గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ పేరు పెట్టారు. జనాభా సుమారు 1,500. గోధుమ, బార్లీ సాగు, గొర్రెల పెంపకం ఇక్కడి ప్రధాన వృత్తులు. ఈ భూములు ఆదిమవాసులైన నగడ్జురి జాతివారి సంప్రదాయిక ప్రాంతం.

ఈ ప్రాంతంలో వర్షాన్ని పూర్తిగా నమ్ముకోవడానికి వీలులేదు. 1865లో జార్జ్ గోయ్‌డర్ అనే సర్వే అధికారి రాష్ట్రమంతా తిరిగి, ఏ భూములలో పంటకు చాలినంత వాన కురుస్తుందో, ఏ భూములలో కురవదో తెలిపే ఒక గీతను పటంపై గీశాడు. దానిని గోయ్‌డర్ రేఖ అంటారు. జేమ్స్‌టౌన్ ఆ రేఖకు లోపలి వైపున, అనగా పంట పండే వైపున ఉన్నప్పటికీ, రేఖ అంతగా దూరమేమీ కాదు. ఇటువంటి చోట పవన విద్యుత్ సంస్థలు గాలిమరల కోసం రైతులకు చెల్లించే కౌలు వానతో సంబంధం లేని ఆదాయం అవుతుంది. గాలిమరల మధ్య సేద్యమూ, గొర్రెల మేతా యథావిధిగా సాగుతాయి.

జేమ్స్‌టౌన్‌కు ఉత్తరాన ఉన్న గుట్టల వరుసపై హార్న్స్‌డేల్ పవన విద్యుత్ కేంద్రం 2016, 2017 సంవత్సరాలలో మూడు దశలలో పూర్తయింది. ఇందులో 99 గాలిమరలు ఉన్నాయి. వీటి మొత్తం సామర్థ్యం సుమారు 315 మెగావాట్లు.

నేపథ్యం

దక్షిణ ఆస్ట్రేలియాలో ఒకప్పుడు బొగ్గు విద్యుత్తుకు ప్రాధాన్యం ఉండేది. రాష్ట్రంలోని చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం పోర్ట్ ఆగస్టాలో 2016 మే నెలలో మూతపడింది. అప్పటికే పవన విద్యుత్తు రాష్ట్ర ఉత్పత్తిలో పెద్ద భాగం అయింది. లోటు ఏర్పడినపుడు పొరుగున ఉన్న విక్టోరియా రాష్ట్రం నుండి హేవుడ్ అనుసంధాన మార్గం ద్వారా విద్యుత్తు వచ్చేది.

2016 సెప్టెంబరు 28న రాష్ట్రాన్ని తీవ్రమైన తుఫాను తాకింది. సుడిగాలుల వలన మూడు ప్రధాన విద్యుత్ ప్రసార మార్గాలు దెబ్బతిని, ఇరవైకి పైగా టవర్లు నేలకొరిగాయి. రెండు నిమిషాల వ్యవధిలో విద్యుత్ వ్యవస్థలో వోల్టేజి ఆరుసార్లు పడిపోయింది. పలు పవన విద్యుత్ కేంద్రాలు ఇటువంటి ఒడుదొడుకులను కొన్నిసార్లు మాత్రమే తట్టుకొనేలా అమర్చబడి ఉన్నందున, ఏడు సెకన్లలోపు 456 మెగావాట్ల ఉత్పత్తి తగ్గిపోయింది. ఆ లోటంతా ఒక్కసారిగా హేవుడ్ మార్గంపై పడింది. ఆ భారానికి అది ఒక సెకను కూడా గడవకముందే తెగిపోయింది. స్థానిక సమయం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 48 నిమిషాలకు రాష్ట్రమంతా చీకటి అయింది. సుమారు 8,50,000 మంది వినియోగదారులకు విద్యుత్తు నిలిచిపోయింది.

ఈ ఘటనపై దేశమంతటా వివాదం చెలరేగింది. గాలిమరలే దీనికి కారణమని కొందరు, తుఫాను, నియంత్రణ అమరికలు కారణమని మరికొందరు వాదించారు. 2017 ఫిబ్రవరి 8న తీవ్రమైన ఎండల సమయంలో గిరాకీకి తగినంత విద్యుత్తు లేక, వేలాది ఇళ్ళకు మళ్ళీ సరఫరా నిలిపివేయవలసి వచ్చింది. ఈ సమస్యకు ఏదో ఒక పరిష్కారం చూపక తప్పని పరిస్థితి రాష్ట్ర ప్రభుత్వానికి ఏర్పడింది.

పందెం, ఒప్పందం

2017 మార్చిలో టెస్లా ప్రతినిధి ఒకరు దక్షిణ ఆస్ట్రేలియా సమస్యను బ్యాటరీలతో తీర్చవచ్చునని ప్రకటించారు. ఇది నిజమేనా అని ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ వ్యాపారవేత్త మైక్ కానన్-బ్రూక్స్ ట్విట్టర్ వేదికగా ప్రశ్నించాడు. దానికి టెస్లా అధిపతి ఎలాన్ మస్క్, ఒప్పందంపై సంతకం చేసిన 100 రోజులలో బ్యాటరీని అమర్చకపోతే దానిని ఉచితంగా ఇస్తామని జవాబిచ్చాడు. అదే నెల 14న రాష్ట్ర ప్రభుత్వం 55 కోట్ల డాలర్ల విద్యుత్ ప్రణాళికను ప్రకటించింది. 100 మెగావాట్ల బ్యాటరీ అందులో ఒక భాగం. దీనికి పోటీపడిన పలు ప్రతిపాదనల నుండి నియోఎన్, టెస్లాల ఉమ్మడి ప్రతిపాదన ఎంపికైనట్లు 2017 జూలై 7న రాష్ట్ర ప్రధాని జే వెదరిల్ ప్రకటించాడు. (ఆస్ట్రేలియాలో రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రీమియర్ అంటారు.)

ఈ నిర్ణయాన్ని అందరూ మెచ్చుకోలేదు. రోడ్ల పక్కన పర్యాటకులను ఆకర్షించడానికి పెద్ద అరటిపండు, పెద్ద రొయ్య వంటి బొమ్మలను నిలబెట్టడం ఆస్ట్రేలియాలో ఒక ఆనవాయితీ. అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి స్కాట్ మారిసన్ ఈ బ్యాటరీని అటువంటి బొమ్మలతో పోల్చి ఎద్దేవా చేశాడు. రాష్ట్ర అవసరంతో పోలిస్తే బ్యాటరీ చాలా చిన్నది అన్నది విమర్శకుల వాదన. నిల్వ పరిమాణాన్ని మాత్రమే చూస్తే ఆ మాటలో నిజం ఉన్నది. అయితే ఆ బ్యాటరీని కోరుకున్నది పరిమాణం కోసం కాదు.

స్థలం ఎంపిక

ఇటువంటి కేంద్రాలు నగరాలలో కాక పల్లె ప్రాంతాలలో ఎందుకు వస్తాయి అన్న ప్రశ్నకు హార్న్స్‌డేల్ మంచి ఉదాహరణ. బ్యాటరీకి నీరు, బొగ్గు, నది ఒడ్డు అవసరం లేదు. దానికి కావలసినది అధిక వోల్టేజి తీగ, ఉపకేంద్రం, కొద్దిపాటి సమతల భూమి. పవన విద్యుత్ కేంద్రం కోసం 275 కిలోవోల్టుల ప్రసార మార్గంపై మౌంట్ లాక్ అనే చోట ఉపకేంద్రాన్ని ముందే నిర్మించారు. బ్యాటరీని అక్కడే కలపడం వలన కొత్తగా పొడవైన తీగలు వేసే ఖర్చూ, సమయమూ తప్పాయి. మొదటి దశకు ఒక హెక్టారు (సుమారు రెండున్నర ఎకరాలు) కంటే తక్కువ భూమి సరిపోయింది.

నిర్మాణం

2017 సెప్టెంబరు 29న గ్రిడ్ అనుసంధాన ఒప్పందం కుదరడంతో వంద రోజుల గడువు మొదలైంది. ఆ రోజు జేమ్స్‌టౌన్ సమీపంలో గాలిమరల చెంత జరిగిన కార్యక్రమానికి మస్క్ హాజరయ్యాడు. అప్పటికే దాదాపు సగం బ్యాటరీలు అమర్చి ఉన్నాయి. అనగా పని గడువుకు ముందే ప్రారంభమైనదని గ్రహించాలి. నవంబరు చివరి వారంలో పరీక్షలు జరిగాయి. డిసెంబరు 1న కేంద్రం అధికారికంగా పనిలోకి వచ్చింది. ఒప్పందం నాటి నుండి లెక్కిస్తే రెండు నెలలు మాత్రమే పట్టింది.

ఇంత త్వరగా పూర్తికావడానికి కారణం నిర్మాణ పద్ధతి. జలవిద్యుత్ కేంద్రం వంటి దానిని స్థలంలోనే తవ్వి కట్టాలి. బ్యాటరీ కేంద్రానికి కావలసిన ముఖ్య భాగాలు మాత్రం కర్మాగారంలోనే తయారై, బీరువాల వంటి పెట్టెల రూపంలో వస్తాయి. స్థలంలో జరిగే పనులు ఇవి:

* నేల చదును చేసి కాంక్రీటు దిమ్మెలు పోయడం
* భూమిలో తీగలు వేయడం
* పెట్టెలను వరుసలుగా నిలిపి, ఇన్వర్టర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు కలపడం
* నియంత్రణ వ్యవస్థను అమర్చి, గ్రిడ్ నిర్వాహకుల సమక్షంలో పరీక్షించడం

పనిచేసే విధానం

బ్యాటరీ, ఇన్వర్టరు

కేంద్రంలోని ప్రతి పెట్టెలోనూ వేలకొలది చిన్న లిథియం-అయాన్ ఘటాలు ఉంటాయి. మొదటి దశలోని ఘటాలను శాంసంగ్ తయారు చేసింది. చార్జి చేసేటపుడు లిథియం అయానులు ఒక ఎలక్ట్రోడు నుండి ద్రవంలాంటి విద్యుద్విశ్లేష్యం గుండా రెండవ ఎలక్ట్రోడులోనికి చేరుతాయి. విద్యుత్తును వాడుకొనేటపుడు అవే అయానులు వెనుకకు ప్రయాణిస్తాయి. మన సెల్‌ఫోనులోని బ్యాటరీ పనిచేసే సూత్రం కూడా ఇదే.

బ్యాటరీ నుండి వచ్చేది ఏకముఖ విద్యుత్ ప్రవాహం. గ్రిడ్‌లో ఉండేది ఏకాంతర విద్యుత్ ప్రవాహం. ఒకదానిని మరొకదానిగా మార్చే పరికరం ఇన్వర్టరు. మన ఇళ్ళలో కరెంటు పోయినపుడు ఫ్యానును తిప్పే ఇన్వర్టరు చేసే పనిని ఇక్కడ చాలా పెద్ద ఎత్తున చేస్తారు. ఈ మార్పిడులలో, ఘటాలను చల్లబరచడంలో కొంత శక్తి నష్టమవుతుంది. నూరు యూనిట్లు నింపితే తిరిగి వచ్చేది సుమారు ఎనభై యూనిట్లు. కాబట్టి బ్యాటరీ విద్యుత్తును పుట్టించదు. ఒక వేళ దొరికిన దానిని మరొక వేళకు అందిస్తుంది.

మెగావాట్, మెగావాట్-గంట

బ్యాటరీ కేంద్రం గురించి చెప్పేటపుడు రెండు సంఖ్యలు ఇవ్వాలి. మెగావాట్లు అది ఎంత వేగంగా విద్యుత్తును ఇవ్వగలదో తెలుపుతాయి. మెగావాట్-గంటలు దానిలో ఎంత శక్తి నిల్వ ఉన్నదో తెలుపుతాయి. నీళ్ళ ట్యాంకుతో పోలిస్తే మొదటిది కుళాయి వెడల్పు, రెండవది ట్యాంకు పరిమాణం.

మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట. మెగావాట్-గంట అంటే 1,000 యూనిట్లు. హార్న్స్‌డేల్ మొదటి దశలో 129 మెగావాట్-గంటలు, అనగా 1,29,000 యూనిట్లు పట్టేవి. కుళాయి పూర్తిగా విప్పితే, అంటే 100 మెగావాట్ల చొప్పున ఇస్తే, ఒక గంటా పదిహేడు నిమిషాలలో ట్యాంకు ఖాళీ అవుతుంది. రాష్ట్ర గిరాకీ 1,500 మెగావాట్లు ఉన్నదనుకొంటే, ఆ నిల్వ మొత్తం రాష్ట్రానికి సరిపోయేది సుమారు ఐదు నిమిషాలకే. విమర్శకులు చూపినది ఈ లెక్కనే.

పౌనఃపున్యం

ఆస్ట్రేలియాలోనూ, భారతదేశంలోనూ గ్రిడ్ విద్యుత్తు పౌనఃపున్యం సెకనుకు 50 ఆవృత్తులు, అనగా 50 హెర్ట్జ్. గ్రిడ్‌లో విద్యుత్తును భారీ పరిమాణంలో నిల్వ ఉంచే చోటు లేదు కాబట్టి, ప్రతి క్షణంలో ఉత్పత్తి, వాడకం సమానంగా ఉండాలి. ఉత్పత్తి తగ్గితే పౌనఃపున్యం 50 కంటే పడిపోతుంది. వాడకం తగ్గితే పెరుగుతుంది. బరువు లాగుతున్న ఎడ్ల జతలో ఒక ఎద్దు హఠాత్తుగా ఆగితే బండి నడక తడబడినట్లే ఇదీ జరుగుతుంది. పౌనఃపున్యం మరీ పడిపోతే యంత్రాలు చెడిపోకుండా విద్యుత్ కేంద్రాలు తమంతట తామే గ్రిడ్ నుండి విడిపోతాయి. అలా ఒకటి విడిపోతే లోటు మరింత పెరిగి మరొకటి విడిపోతుంది. రాష్ట్రమంతా చీకటి కావడం ఈ విధంగానే జరుగుతుంది.

పాత పద్ధతిలో ఈ లోటును పూరించేది బొగ్గు, వాయు, జలవిద్యుత్ కేంద్రాలు. నియంత్రణ ద్వారాన్ని తెరిచి ఆవిరినో నీటినో టర్బైను మీదకు అదనంగా పంపడానికి అనేక సెకన్లు పడుతుంది. బ్యాటరీలో కదిలే భాగాలు లేవు. పౌనఃపున్యంలో మార్పును గుర్తించిన ఇన్వర్టరు సెకనులో చిన్న భాగంలోనే విద్యుత్తును విడుదల చేస్తుంది. నిల్వ ఐదు నిమిషాలదే అయినా, కూలిపోయే ప్రమాదం ఉన్నది మొదటి కొన్ని సెకన్లలోనే. ఆ సెకన్లలో నిలబడగలిగితే మిగిలిన కేంద్రాలు అందుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఈ కారణంగానే ఒప్పందం ప్రకారం 100 మెగావాట్లలో 70 మెగావాట్లను, సుమారు పది నిమిషాలకు సరిపోయే నిల్వతో, గ్రిడ్ భద్రత కోసం ప్రభుత్వం కేటాయించుకొన్నది. మిగిలిన 30 మెగావాట్లను, నిల్వలో అధిక భాగాన్ని నియోఎన్ తన వ్యాపారానికి వాడుకొంటుంది. ధర తక్కువగా ఉన్న వేళ కొని, ఎక్కువగా ఉన్న వేళ అమ్మడమే ఆ వ్యాపారం.

సేవలో

పని ప్రారంభించిన రెండు వారాలకే, 2017 డిసెంబరు 14న తెల్లవారుజామున విక్టోరియా రాష్ట్రంలోని లాయ్ యాంగ్ బొగ్గు విద్యుత్ కేంద్రంలో 560 మెగావాట్లు ఇస్తున్న ఒక యూనిట్ ఆగిపోయింది. దూరాన ఉన్న హార్న్స్‌డేల్ బ్యాటరీ ఆ మార్పును గుర్తించి వెంటనే 7 మెగావాట్లకు పైగా గ్రిడ్‌లోకి పంపింది. ఆ లోటు పూరించే బాధ్యత ఒప్పందం మేరకు ఉన్నది క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని గ్లాడ్‌స్టోన్ బొగ్గు కేంద్రానిది. అది స్పందించకముందే బ్యాటరీ స్పందించింది. 560తో పోలిస్తే 7 చాలా చిన్న సంఖ్య. ఆ రోజు గ్రిడ్‌ను కాపాడినది బ్యాటరీ ఒక్కటే అనడం సరికాదు. అది ఎంత త్వరగా స్పందించగలదో మాత్రం అందరికీ తెలిసింది.

2018 ఆగస్టు 25న పిడుగుపాటు వలన తూర్పు ఆస్ట్రేలియా గ్రిడ్ ముక్కలై, క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాలు విడిపోయాయి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలలో కొందరు వినియోగదారులకు సరఫరా నిలిపివేయవలసి వచ్చింది. దక్షిణ ఆస్ట్రేలియాలో పౌనఃపున్యాన్ని నిలపడంలో హార్న్స్‌డేల్ తోడ్పడింది. 2020 జనవరి 31న గాలివానకు విక్టోరియాలో టవర్లు కూలి, దక్షిణ ఆస్ట్రేలియా రెండు వారాలకు పైగా మిగిలిన గ్రిడ్ నుండి వేరుపడింది. ఆ రోజులలో బ్యాటరీల సేవ రాష్ట్రానికి అవసరమైంది.

ఖర్చు, లాభం

ఈ కేంద్రం రాకముందు, దక్షిణ ఆస్ట్రేలియా విడిపోయే ప్రమాదం ఉన్న వేళలలో పౌనఃపున్య నియంత్రణ సేవను రాష్ట్రంలోపలి కేంద్రాల నుండే కొనవలసి వచ్చేది. ఆ సేవ అందించేవారు కొద్దిమందే కాబట్టి ధరలు విపరీతంగా పెరిగేవి. హార్న్స్‌డేల్ పోటీకి రావడంతో ఆ ధరలు పడిపోయాయి. నియోఎన్ కోరిక మేరకు ఆరెకాన్ అనే ఇంజనీరింగ్ సంస్థ వేసిన అంచనా ప్రకారం 2019లో ఈ విధంగా ఆదా అయిన మొత్తం 11.6 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఇది కేంద్రం యజమాని చేయించిన అధ్యయనం అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఐతే ధరలు తగ్గిన విషయంలో వివాదం లేదు.

విద్యుత్ విపణి నిబంధనలు కూడా క్రమంగా మారాయి. అరగంట సగటు ధరపై జరిగే చెల్లింపులు 2021 అక్టోబరు 1 నుండి ఐదు నిమిషాల ధరపై జరుగుతున్నాయి. ఒక సెకనులోపు స్పందించే సేవకు ప్రత్యేకంగా చెల్లించే విపణి 2023 అక్టోబరులో మొదలైంది. అంతకు ముందు అత్యంత వేగవంతమైన సేవకు కూడా ఆరు సెకన్ల కొలమానమే ఉండేది. అనగా హార్న్స్‌డేల్ తన వేగానికి తగిన ప్రతిఫలం లేకుండానే ఆరేళ్ళకు దగ్గరగా పనిచేసింది.

2019 నాటి వైఫల్యం

2019 అక్టోబరులో క్వీన్స్‌లాండ్‌లోని కోగన్ క్రీక్ బొగ్గు కేంద్రం హఠాత్తుగా ఆగినపుడు హార్న్స్‌డేల్ తాను ఇస్తానన్నంత సహాయాన్ని ఇవ్వలేకపోయింది. విచారణలో 2019 జూలై నుండి నవంబరు వరకు ఇదే పరిస్థితి ఉన్నట్లు తేలింది. బ్యాటరీ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో జరిగిన ఒక మార్పు వలన పౌనఃపున్యానికి స్పందించే అమరిక మారిపోయింది. అయినప్పటికీ కేంద్రం సేవను అందిస్తానని ప్రతిపాదిస్తూ, అందుకు ప్రతిఫలాన్ని స్వీకరిస్తూ వచ్చింది. ఆస్ట్రేలియా విద్యుత్ నియంత్రణ సంస్థ 2021లో దావా వేయగా, 2022లో ఫెడరల్ కోర్టు 9 లక్షల డాలర్ల జరిమానా విధించింది.

ఈ ఉదంతం ప్రాముఖ్యత జరిమానా మొత్తంలో లేదు. బొగ్గు కేంద్రంలో యంత్రం ఆగితే అందరికీ తెలుస్తుంది. బ్యాటరీలో ఒక అమరిక మారితే, ప్రమాదం వచ్చే క్షణం వరకూ బయటికి కనిపించదు. అందుచేత ఇటువంటి కేంద్రాలకు తరచుగా పరీక్షలు, నిరంతర పర్యవేక్షణ తప్పనిసరి.

విస్తరణ

2018 మార్చి ఎన్నికలలో వెదరిల్ ప్రభుత్వం ఓడిపోయింది. స్టీవెన్ మార్షల్ నాయకత్వంలో వచ్చిన లిబరల్ ప్రభుత్వం కూడా బ్యాటరీకి మద్దతు కొనసాగించింది. 2019 నవంబరులో ప్రకటించిన విస్తరణ 2020 సెప్టెంబరు నాటికి పూర్తయి, సామర్థ్యం 150 మెగావాట్లకు, నిల్వ 193.5 మెగావాట్-గంటలకు పెరిగింది. దీని వ్యయం సుమారు 7.1 కోట్ల డాలర్లు.

ఈ విస్తరణ ముఖ్యోద్దేశం జడత్వం. పాత కేంద్రాలలో వందల టన్నుల బరువుతో తిరిగే చక్రాలు ఉంటాయి. లోటు ఏర్పడినా ఆ చక్రాలు వెంటనే ఆగిపోవు. తిరుగుతున్న కుమ్మరి సారె కర్ర తీసిన తరువాత కూడా కొంతసేపు తిరిగినట్లు అవి వేగాన్ని నిలుపుతాయి. బొగ్గు కేంద్రాలు మూతపడితే ఈ గుణం కూడా గ్రిడ్ నుండి పోతుంది. ఇన్వర్టర్లలో తగిన మార్పులు చేసి, తిరిగే చక్రం వలెనే బ్యాటరీ ప్రవర్తించేలా హార్న్స్‌డేల్‌లో ప్రయత్నించారు. దీర్ఘకాల పరీక్షల తరువాత 2022 జూలైలో దీనికి గ్రిడ్ నిర్వాహకుల అనుమతి లభించింది. ఇంత పెద్ద బ్యాటరీ కేంద్రం గ్రిడ్‌కు ఈ సేవను అందించడం ఆనాటికి కొత్త విషయం.

గ్రామీణ ప్రాంతంపై ప్రభావం

బ్యాటరీ కేంద్రం వస్తే ఊరికి ఏమి లభిస్తుంది, ఊరు ఏమి భరించాలి అన్నవి ప్రతి చోటా ఎదురయ్యే ప్రశ్నలు.

ఉపాధి: నిర్మాణ సమయంలో కార్మికులకు, వసతి గృహాలకు, దుకాణాలకు, రవాణాదారులకు పని దొరుకుతుంది. నిర్మాణం ఎంత త్వరగా ముగిస్తే ఆ పని కూడా అంత త్వరగా ముగుస్తుంది. తరువాత కేంద్రం నడపడానికి కొద్దిమంది చాలు. పోర్ట్ ఆగస్టా వంటి చోట బొగ్గు కేంద్రం ఇచ్చిన ఉద్యోగాలను బ్యాటరీ ఇవ్వలేదు.

భూమి: అవసరమయ్యే భూమి తక్కువ. చుట్టుపక్కల సేద్యానికి ఆటంకం ఉండదు. కౌలు ఆదాయం మాత్రం భూమి ఉన్న రైతుకే చెందుతుంది. పక్క పొలం రైతుకు కనిపించేది కంచె, వినిపించేది చల్లబరిచే ఫ్యానుల హోరు. తక్కువ విద్యుత్ ధరల ప్రయోజనం రాష్ట్రమంతటికీ పంపిణీ అవుతుంది. ఆతిథ్యం ఇచ్చిన ఊరికి అందులో ప్రత్యేకమైన వాటా ఉండదు. కాబట్టి స్థానిక నిధులు, పొరుగువారికి చెల్లింపులు వంటివి ఒప్పందంలోనే ముందుగా రాసుకోవడం మేలు.

అగ్ని ప్రమాదం: లిథియం-అయాన్ ఘటం ఒకటి అతిగా వేడెక్కితే పక్క ఘటాన్ని వేడెక్కిస్తుంది. అది మరొకదానిని వేడెక్కిస్తుంది. ఈ గొలుసు చర్యను నీటితో ఆపడం కష్టం. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాలో ఒక బ్యాటరీ గదిలో వాయువులు పేలి అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డారు. 2021 జూలై 30న విక్టోరియాలోని మూరబూల్ వద్ద కొత్త బ్యాటరీ కేంద్రంలో పరీక్షల సమయంలో నిప్పంటుకొని, రెండు పెట్టెలు కాలిపోయాయి. చల్లబరిచే ద్రవం కారడం దీనికి మూలకారణమని తేలింది. మంటలు పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. పొగ కారణంగా చుట్టుపక్కల వారిని హెచ్చరించారు. ఎవరూ గాయపడలేదు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలో వ్యవసాయ భూముల పక్కనున్న మాస్ లాండింగ్ వద్ద మరింత పెద్ద ప్రమాదం జరిగి, వెయ్యి మందికి పైగా ఇళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ బ్యాటరీలను పాత విద్యుత్ కేంద్రపు భవనం లోపల అమర్చారు. హార్న్స్‌డేల్, మూరబూల్ వంటి చోట్ల ఆరుబయట పెట్టెల మధ్య ఎడం ఉంచి అమర్చుతారు. ఒక పెట్టె కాలినా అన్నింటికీ పాకకుండా చేయడం దీని ఉద్దేశం.

పల్లె ప్రాంతాలలో అగ్నిమాపక దళం సాధారణంగా స్వచ్ఛంద సేవకులతో కూడినది. ఆస్ట్రేలియాలో పొలాల మంటలను ఆర్పేది వీరే. పెట్టెలో ఏమున్నదో, దగ్గరకు ఎప్పుడు వెళ్ళరాదో, పొగ ఎటు వెళుతుందో, వాడిన నీరు వాగులోకి పోకుండా ఎలా ఆపాలో వీరికి ముందే తెలియాలి. ఊరి ప్రజలు బ్యాటరీ సంస్థను అడగవలసిన ప్రశ్నలలో ఇది మొదటిది.

ఇతర ప్రాంతాలలో

హార్న్స్‌డేల్ తరువాత దక్షిణ ఆస్ట్రేలియాలోనే డాల్‌రింపిల్ (2018), లేక్ బానీ (2019) వంటి కేంద్రాలు వచ్చాయి. 2021 డిసెంబరులో విక్టోరియాలో ప్రారంభమైన 300 మెగావాట్ల కేంద్రం హార్న్స్‌డేల్‌ను మించి ఆస్ట్రేలియాలో పెద్దది అయింది.

భారతదేశంలో పెద్ద ఎత్తున విద్యుత్తును నిల్వ చేయడానికి నీటిని పైకి ఎత్తిపోసే పద్ధతి ముందునుండీ ఉన్నది. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలను, నాగార్జునసాగర్‌లోని ఏడు 100 మెగావాట్ల యంత్రాలను నీటిని వెనుకకు ఎత్తిపోయడానికి కూడా అనువుగా నిర్మించారు. ఈ పద్ధతిలో గంటల తరబడి విద్యుత్తు ఇవ్వవచ్చు. అయితే కొండ, నది, జలాశయం కావాలి. బ్యాటరీ పద్ధతిలో 2019లో ఢిల్లీలోని రోహిణిలో 10 మెగావాట్ల కేంద్రం, 2024లో ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ వద్ద సౌర విద్యుత్ కేంద్రంతో పాటు 40 మెగావాట్ల, 120 మెగావాట్-గంటల కేంద్రం పనిలోకి వచ్చాయి. ఎత్తిపోత నిల్వ గంటల లోటుకు, బ్యాటరీ సెకన్ల లోటుకు ఎక్కువగా ఉపయోగపడతాయి. బ్యాటరీల ధర తగ్గుతున్న కొద్దీ అవి గంటల లోటుకు కూడా వాడుకలోకి వస్తున్నాయి.

ముఖ్యమైన తేదీలు

* 2016 మే: పోర్ట్ ఆగస్టా బొగ్గు విద్యుత్ కేంద్రం మూత
* 2016 సెప్టెంబరు 28: దక్షిణ ఆస్ట్రేలియా అంతటా విద్యుత్ అంతరాయం
* 2017 జూలై 7: నియోఎన్, టెస్లాల ఎంపిక ప్రకటన
* 2017 సెప్టెంబరు 29: వంద రోజుల గడువు ప్రారంభం
* 2017 డిసెంబరు 1: కేంద్రం పని ప్రారంభం
* 2019 జూలై - నవంబరు: ప్రతిపాదించిన మేరకు సేవ అందించలేకపోయిన కాలం
* 2020 సెప్టెంబరు: విస్తరణ పూర్తి
* 2022: ఫెడరల్ కోర్టు జరిమానా, జడత్వ సేవకు అనుమతి